పొద్దుండగానే పుట్టి సర్దుదాం

(చేపల వేట కుటుంబాల మహిళల సమావేశంలో ఒక టీచరు చేసిన ప్రసంగం)

 

మనం ఒత్తులు నేర్చుకున్నాం. పుట్టి. తెడ్డు. ఒడ్డు. ఈ మూడు మాటలు ఇప్పుడు మీరు చదవగలరు. రాయగలరు. ఈ మూడు మాటల చుట్టే ఈ రోజు మాట్లాడుకుందాం. రాత్రి వేటకు పోయే పుట్టిని ఎట్లా సర్దాలి? అందులో ఏమేమి ఉండాలి? ఏవి ఉండకూడదు? అది మన విషయం.

"టీచరమ్మా, పుట్టి సంగతి మొగోళ్లు సూసుకుంటారు. మాకెందుకు?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఈ మాటలన్నీ అయ్యేసరికి మీకే దొరుకుతుంది. అయినా ఒక్క మాట ముందే చెబుతాను. మీలో చాలామంది మగవాళ్లతో కలిసి పుట్టిలో పోతున్నారు. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల వదులుతున్నారు. మిగిలినవాళ్లు ఒడ్డున కూర్చుని తెల్లారేదాకా ఎదురు చూస్తున్నారు. పుట్టిలో ఉన్నా, ఒడ్డున ఉన్నా ప్రాణం మీదే. అందుకే ఈ విషయం మీది.

కరువు సీమలో ఇన్ని నీళ్లు

మనది వానలు తక్కువ పడే సీమ. కర్నూలు, కడప అంటే కరువే గుర్తుకొస్తుంది. అయినా ఇక్కడ పెద్ద పెద్ద జలాశయాలు ఉన్నాయి. జలాశయం అంటే డ్యాము వెనక నిలిచిన నీళ్లు.

శ్రీశైలం డ్యాముకు 1963లో శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో నీళ్లు నిలిచాయి. ఎన్నో ఊళ్లు ఆ నీళ్ల కిందికి పోయాయి. ఇళ్లు పోయాయి, పొలాలు పోయాయి, గుళ్లు పోయాయి. సంగమేశ్వరం గుడి మీకు తెలుసు కదా. నీళ్లు నిండితే మునుగుతుంది. నీళ్లు తగ్గితే బయటపడుతుంది. ఈ జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు అంటారు. అంటే సముద్రం మట్టం నుంచి కొలిచిన ఎత్తు అది. మన పుట్టి కింద అంత లోతు ఉందని కాదు.

ఈ కృష్ణ నీళ్లే పోతిరెడ్డిపాడు తూముల గుండా దక్షిణానికి పోతాయి. వెలుగోడు జలాశయానికి చేరతాయి. అక్కడి నుంచి కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కు పోతాయి. ఇంకో దారిలో అవుకు మీదుగా గండికోటకు చేరతాయి. పెన్న మీద మైలవరం డ్యాము ఉంది. సోమశిల వెనక నీళ్లు కడప జిల్లా ఊళ్ల దాకా వచ్చాయి.

ఈ నీళ్లన్నిటి ఒడ్డునా చేపలు పట్టేవాళ్లు ఉన్నారు. ఇక్కడి బెస్తవాళ్లు ఉన్నారు. విశాఖ వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. 2022లో జిల్లాలు మారాయి. కృష్ణ ఒడ్డున మన ఊళ్లు చాలావరకు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారింది. రాత్రి వేట మాత్రం మారలేదు.

పుట్టి చిన్నదే, చరిత్ర పెద్దది

కొందరు పుట్టిని చూసి బుట్ట అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇంచుమించు 1520లో డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన హంపీ విజయనగరం చూడ్డానికి వచ్చాడు. తుంగభద్ర మీద గుండ్రటి పుట్లు చూశాడు. లోపల వెదురు లాంటి బద్దలు, బయట తోలు. మనుషులే కాదు, గుర్రాలు, ఎద్దులు కూడా వాటిలో ఏరు దాటేవని రాశాడు. పుట్టి తిరుగుతూ తిరుగుతూ పోతుందని కూడా రాశాడు. ఆ తుంగభద్రే మన దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఇంగ్లండు పక్కన వేల్స్ అనే దేశం ఉంది. అక్కడ కూడా పుట్టి లాంటి పడవలు ఉన్నాయి. అక్కడివాళ్లు రాత్రి పూట రెండు పుట్ల మధ్య వల పట్టుకుని ఏటి వాలున పోతారు. అట్లా చేపలు పడతారు. కాబట్టి మనం చేసేది తక్కువ పని కాదు. లోకంలో ఎంతోమంది నేర్పుతో చేసే పని.

అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. అప్పుడు తోలు. ఇప్పుడు వెదురు అల్లిక మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. తోలుకైనా, తారుకైనా ఒకటే నియమం. చిల్లి పడితే నీళ్లు వస్తాయి.

రాత్రి ఎందుకు పోతాం?

పగలు చేపకు వల కనిపిస్తుంది. తప్పుకుని పోతుంది. చీకట్లో కనిపించదు. పగలు ఎండకు చేప లోతుకు పోతుంది. రాత్రి మేత కోసం ఒడ్డు దగ్గరకు వస్తుంది. పొద్దు గూకే వేళ వల వేస్తాం. తెల్లవారుజామున తీస్తాం. పొద్దున్నే చేప తాజాగా అంగడికి పోతుంది. ఇదీ లాభం.

మరి నష్టం ఏమిటి? చేపకు వల కనిపించని చీకట్లోనే మనకు చెట్టు మోడు కనిపించదు. మునిగిన ఊరి గోడ కనిపించదు. వచ్చే మబ్బు కనిపించదు. మనం నీళ్లలో పడితే ఇంకొకరికి మనం కనిపించం. పగలు చిన్నదిగా ఉండే ఆపద రాత్రి పెద్దదవుతుంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు పెద్దలు. పుట్టికి ఆ దీపం పొద్దే. పొద్దుండగానే పుట్టి సర్దుకోవాలి.

మొదట పుట్టిని చూడాలి

మధ్యాహ్నం పుట్టిని ఒడ్డుకు తీసి బోర్లించండి. ఒకరు కింద దూరి ఎండ వైపు చూడండి. సూది మొన అంత చిల్లి ఉన్నా వెలుగు చుక్కలా కనిపిస్తుంది. ఆ చోట సుద్దముక్కతో గుండ్రం చుట్టండి. తర్వాత పుట్టిని తిప్పి లోపల నాలుగు బిందెల నీళ్లు పోయండి. బయట ఎక్కడ తడి వస్తుందో చూడండి. అక్కడ కూడా గుర్తు పెట్టండి.

గుర్తు పెట్టిన చోట తడి ఆరాలి. మట్టి తుడవాలి. అప్పుడే తారు పూయాలి. తడి మీద పూసిన తారు పట్టదు. పొద్దున పూస్తే సాయంత్రానికి ఊడిపోతుంది.

మన ఎండలు మీకు తెలుసు. కాలిన బండ మీద పుట్టిని పెడితే తారు కరిగి బండకు అంటుకుంటుంది. ఎత్తితే తారు ఊడి వస్తుంది. వెదురు కూడా ఎండి పగులుతుంది. అందుకే వేట లేనప్పుడు పుట్టిని చెట్టు నీడన బోర్లించి పెట్టండి.

అంచు చుట్టూ చేత్తో తడమండి. కట్లు వదులైనా, బద్ద విరిగినా తెలుస్తుంది. తెడ్డును మోకాలికి అడ్డం పెట్టి వంచి చూడండి. కిర్రుమంటే ఆ తెడ్డు రాత్రికి పనికిరాదు. రెండో తెడ్డు తప్పకుండా ఉండాలి. నడి నీళ్లలో ఉన్న ఒక్క తెడ్డు జారిపోతే పుట్టి గిరగిరా తిరగడమే. ముందుకు పోదు.

బరువు లెక్క

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పలకలు తీయండి.

మగమనిషి 55 కిలోలు. ఆడమనిషి 50 కిలోలు. తడిసిన వల 25 కిలోలు. లంగరు రాయి 10 కిలోలు. మంచినీళ్లు, కూడు, దీపాలు, మిగతా సామాను 10 కిలోలు. పడిన చేపలు 40 కిలోలు.

కూడండి. ఎంత వచ్చింది? 190 కిలోలు.

ఇవి లెక్క నేర్చుకోవడానికి చెప్పిన అంకెలు. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. ఒక సంగతి చూశారా? పోయేటప్పుడు చేపలు లేవు. వల పొడిగా ఉంది. పుట్టి తేలిగ్గా పోయింది. వచ్చేటప్పుడు వల తడిసింది. చేపలు ఎక్కాయి. బరువు పెరిగింది. మనిషి అలసిపోయి ఉన్నాడు. గాలి కూడా లేచిందనుకోండి. పోయేటప్పటి బరువు చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. వచ్చేటప్పటి బరువు చూసి లెక్క వేయాలి.

దీన్ని పగలే పరీక్ష చేయవచ్చు. మోకాలి లోతు నీళ్లలో పుట్టిని పెట్టండి. మీ లెక్కలో ఎన్ని కిలోలు వచ్చాయో అన్ని కిలోల ఇసుక మూటలు అందులో పెట్టండి. సిమెంటు మూట 50 కిలోలు ఉంటుంది. ఆ అంచనాతో చూసుకోండి. నీళ్ల పైన అంచు కనీసం జానెడు కనిపించాలి. జానెడు కంటే తగ్గితే ఆ బరువు మీ పుట్టి మోయలేదు. అప్పుడు ఏం తగ్గించాలి? వల తగ్గించండి. రెండో మారు వెళ్లి తెచ్చుకోండి. మూడో మనిషిని ఎక్కించకండి.

బరువు ఎక్కువైతే ఏమవుతుందో మనకు తెలుసు. 2007 జనవరిలో ఇదే కృష్ణ మీద మంచాలకట్ట దగ్గర పడవ మునిగింది. జాతర ప్రయాణికులు పదుల కొద్దీ చనిపోయారు. 2017 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా గుంతకల్లు దగ్గర వై.టి. చెరువులో చిన్న పడవ తిరగబడింది. పిల్లలతో సహా ఎంతోమంది పోయారు. వాళ్లు వేటకు పోయినవాళ్లు కారు. కానీ నీళ్లకు ఆ తేడా తెలియదు. పడవ మోసేదానికంటే ఎక్కువ ఎక్కితే అది మునుగుతుంది.

ఇంకొక మాట. ఇంట్లో చూసేవాళ్లు లేరని కొందరు చంటిబిడ్డను కూడా పుట్టిలో వేసుకుని పోతున్నారు. వద్దు తల్లీ. నలుగురు తల్లులు కలిసి వంతులు వేసుకోండి. ఒక రాత్రి ఒకరు ఒడ్డున ఉండి పిల్లలందరినీ చూసుకోవచ్చు.

వల సర్దడం

రాత్రి మనం వేసే వల నీళ్లలో గోడలాగా నిలబడుతుంది. పైన తేలే బెండ్లు, కింద సీసపు గుండ్లు. పొద్దుండగానే వలను విప్పి చిక్కులు తీయండి. బెండ్ల వైపు ఒక పక్కకు, గుండ్ల వైపు ఒక పక్కకు మడతలు వేసి సర్దండి. అప్పుడు చీకట్లో కూడా ఒక మడత తర్వాత ఒక మడత వస్తుంది.

వల మీద కాలు పెట్టి నిలబడకండి. వల నీళ్లలోకి జారుతున్నప్పుడు అందులో కాలు చిక్కితే వలతోపాటు మనిషి కూడా పోతాడు. పట్టీలు, మెట్టెలు, చేతి ఉంగరాలు, వేలాడే కొంగు, ఇవన్నీ వలకు చిక్కుతాయి. పట్టీలు తీసి ఇంట్లో పెట్టండి. కొంగు నడుముకు గట్టిగా చెక్కుకోండి.

వల కన్ను గురించి కూడా చెప్పాలి. కన్ను చిన్నదైతే పిల్ల చేపలు పడతాయి. బొచ్చె, రోహు పిల్లలను మత్స్యశాఖ వాళ్లు జలాశయంలో వదులుతారు. అవి వేలెడంత ఉన్నప్పుడే ఊడ్చేస్తే వచ్చే ఏడాది వలకు ఏం పడుతుంది? అందుకే అలివి వలను నిషేధించారు. పట్టుబడితే వల పోతుంది, కేసు అవుతుంది. పట్టుబడకపోయినా చేప పోతుంది. కన్ను పెద్దగా ఉన్న వలే మన పిల్లల కూడు.

వెలుగు రెండు చోట్ల ఉండాలి

ఒకప్పుడు కిరోసిన్ లాంతరు తీసుకుపోయేవాళ్లు. కొందరు పెట్రోమాక్స్ లైటు తీసుకుపోయేవాళ్లు. పుట్టి మీద తారు ఉంది. నైలాన్ వల ఉంది. ప్లాస్టిక్ పట్టా ఉంది. మూడూ నిప్పు అంటుకునేవే. లాంతరు దొర్లితే చుట్టూ నీళ్లున్నా పుట్టి కాలుతుంది. ఆఫ్రికాలో విక్టోరియా అనే చాలా పెద్ద సరస్సు ఉంది. అక్కడ చీకటి రాత్రుల్లో దీపాలు పెట్టి చిన్న చేపలను పడతారు. వాళ్లూ ఎన్నో ఏళ్లు కిరోసిన్ దీపాలే వాడారు. ఇప్పుడు చాలామంది బ్యాటరీ దీపాలకు మారుతున్నారు. మనమూ బ్యాటరీ దీపమే వాడుదాం. బీడీ కూడా ఒడ్డునే కాల్చుకోమనండి.

దీపాలు రెండు ఉండాలి. ఒకటి తలకు కట్టుకునేది. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. రెండోది టార్చి లైటు. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి అంచుకు కట్టాలి. మొదటిది ఆరిపోతేనే దాన్ని తీయాలి. మొదటి దీపం మసకబారిందంటే అర్థం ఏమిటి? ఇంక వెనక్కి రమ్మని.

వల రెండు చివరలా తెల్లటి థర్మోకోల్ ముక్కలు కట్టండి. వాటి మీద లారీల వెనక అంటించే మెరిసే టేపు ముక్క అంటించండి. టార్చి వేస్తే దూరం నుంచే మెరుస్తుంది. మీ వల మీకు దొరుకుతుంది. ఇంకొకరి పుట్టి మీ వలకు చిక్కుకోదు.

మన ఒడ్డంతా ఒక సైగ పెట్టుకుందాం. దీపాన్ని మూడుసార్లు అటూ ఇటూ ఊపితే సాయానికి రమ్మని అర్థం. ఈ సైగ చిన్నపిల్లలకు కూడా తెలియాలి.

ప్రాణం నిలిపే సామాను

లైఫ్ జాకెట్ ఉంటే అదే మేలు. పుట్టిలో పెట్టుకోవడం కాదు, ఒంటికి వేసుకోవాలి. గాలి వచ్చాక వేసుకుందాం అంటే కుదరదు. చీకట్లో, తడి చేతులతో, ఊగే పుట్టిలో ముడి పడదు.

జాకెట్ కొనేదాకా ఏం చేయాలి? మూత గట్టిగా బిగిసే ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. ఒక లీటరు ఖాళీ డబ్బా సుమారు ఒక కిలో బరువును నీళ్ల మీద నిలుపుతుంది. 5 లీటర్ల డబ్బా 5 కిలోలు నిలుపుతుంది. నీళ్లలో పడిన మనిషి బరువంతా మోయనక్కర్లేదు. తల పైకి ఉండడానికి ఏడెనిమిది కిలోల ఊతం చాలు. కాబట్టి మనిషికి రెండు 5 లీటర్ల డబ్బాలు. రెండింటినీ గట్టి తాడుతో కలిపి, తాడు రొమ్ము మీదుగా, డబ్బాలు చంకల కింద వచ్చేటట్టు కట్టుకోవాలి. పగలు లోతు తక్కువ నీళ్లలో కట్టుకుని చూడండి. జారిపోతుంటే ముడి మార్చండి. ఇది జాకెట్‌తో సమానం కాదు. ఏమీ లేకపోవడం కంటే ఎంతో మేలు.

పుట్టి లోపల అంచు కింద చుట్టూ కూడా ఇట్లాంటి డబ్బాలు కట్టండి. పుట్టి నీళ్లతో నిండినా అడుక్కు పోదు. పుట్టి తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండాలి. ఈత వచ్చినా వదలకూడదు. రాత్రి ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది. నిజానికి దూరంగా ఉంటుంది. ఈదుతూ పోయిన మనిషి అలసిపోతాడు. పుట్టిని పట్టుకున్న మనిషి వెతికేవాళ్లకు కనిపిస్తాడు.

ఇంకా ఏమేమి కావాలి?

నీళ్లు తోడడానికి చెంబు. దాన్ని తాడుతో కట్టాలి.

లంగరు రాయి. తాడు నీళ్ల లోతుకు మూడింతలు ఉండాలి.

ఒక ఈల. అరిచి అరిచి గొంతు పోతుంది. ఈల ఊదడానికి అంత బలం అక్కర్లేదు.

ఫోను. రెండు ప్లాస్టిక్ కవర్లలో, కాస్త గాలి ఉంచి ముడి వేస్తే నీళ్లలో పడినా తేలుతుంది. ఆపద వస్తే 112. అంబులెన్సుకు 108. నల్లమల కొండల మధ్య కొన్ని చోట్ల టవరు అందదు. అందుకే ఫోనును నమ్మి ఈలను మరవకండి.

పొడి బట్టలు, ఒక దుప్పటి, ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి. చలికాలం తడి బట్టలతో రాత్రంతా ఉంటే వేళ్లు కొంకర్లు పోతాయి. తెడ్డు పట్టు కుదరదు.

చివరిది కత్తి. పదునైన చిన్న కత్తి. చేతికి అందేచోట ఒరలో ఉండాలి. ఈ కత్తి చేప కోయడానికి కాదు. వల కోయడానికి.

అవును అక్కా. వల కోయడానికే. వల మునిగిన చెట్టుకు చిక్కింది. గాలి లేచింది. పుట్టి ఒక పక్కకు ఒరుగుతోంది. అప్పుడు వల కోసి వదిలేయాలి. కానీ మనిషికి చెయ్యి రాదు. ఎందుకు? ఆ వల అప్పు చేసి కొన్నది. షావుకారు మనసులో మెదులుతాడు. వల లేకుండా ఇంటికి పోతే ఏమంటారో అని భయం. ఆ భయంతో వల లాగుతూనే ఉంటాడు.

ఆ భయం తీసేది ఎవరు? మీరే. పుట్టి నీళ్లలోకి దిగే ముందు మీ నోటితో చెప్పండి. "వల పోతే పోనీ. నువ్వు రా." ఈ ఒక్క మాట పుట్టిలో కత్తి ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. వల అప్పు ఏడాదికో రెండేళ్లకో తీరుతుంది. మనిషి పోతే ఆ లోటు తీరదు.

ఎప్పుడు పోకూడదు?

పడమర మబ్బు కమ్మితే పోకూడదు. మెరుపు మెరిశాక లెక్క పెట్టండి. 30 లెక్క పెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. నీళ్ల మీద మనిషే ఎత్తైన వస్తువు. అప్పటికే నీళ్లలో ఉంటే దగ్గరి ఒడ్డుకు రావాలి. చెట్టు కిందికి పోకూడదు. దామిని అనే యాప్ ఉంది. పిడుగులు పడే చోటు ముందే చెబుతుంది. ఫోను వాడే పిల్లలతో పెట్టించుకోండి.

ఆషాఢం గాలికి పెద్ద నీళ్లలో అలలు లేస్తాయి. ఆ రోజుల్లో నడి నీళ్లు దాటకండి. ఒడ్డు పట్టుకుని పోయి, ఒడ్డు పట్టుకుని రండి.

పైన వరద వస్తే నీళ్లు రాత్రికి రాత్రే పెరుగుతాయి. ఏటి లాగుడు పెరుగుతుంది. కొట్టుకొచ్చే మానులు పుట్టిని గుద్దుతాయి. తూముల దగ్గర, గేట్ల దగ్గర నీళ్లు లోపలికి లాగుతాయి. అక్కడికి ఎప్పుడూ పోకూడదు. నీళ్లు వదులుతున్నామని నోటీసు అంటిస్తే చదవండి. చదివి పక్కవాళ్లకు చెప్పండి. మొన్నటిదాకా ఆ కాగితం మనకు గోడ మీద మరక. ఇప్పుడు అది మాట్లాడుతుంది.

ఈ నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి. చేతులు, కాళ్లు నీళ్లలో వేలాడేయకండి. చేప పొట్టలోని చెత్తను పుట్టి పక్కన పారేయకండి.

తాగిన మనిషి చేతికి తెడ్డు ఇవ్వకండి. గొడవ అవుతుందని ఊరుకోకండి. నలుగురూ కలిసి ఒకే మాట అనండి. "ఈ రాత్రి ఈ పుట్టి పోదు" అని.

పలక మీద నాలుగు మాటలు

ఇప్పుడు చదువు పనికి వద్దాం. మీ ఇంటి గోడకు ఒక పలక కట్టండి. పుట్టి దిగే ముందు దాని మీద నాలుగు సంగతులు రాయండి.

ఎవరు పోయారు.
ఏ వైపు పోయారు.
ఎన్ని గంటలకు పోయారు.
ఎన్ని గంటలకు వస్తారు.

అంతే. వస్తామన్న వేళ దాటి గంట అయితే పక్కింటివాళ్లను లేపండి. సిగ్గు పడకండి. ఉత్తపుణ్యానికి లేపావు అని ఎవరైనా అంటే అననివ్వండి. ఆలస్యమైన ప్రతి గంటకూ వెతకాల్సిన నీళ్లు పెరుగుతాయి. ఏ వైపు పోయారో తెలిస్తే వెతికేవాళ్లు నేరుగా అక్కడికే పోతారు. తెలియకపోతే నీళ్లంతా తిరగాలి. శ్రీశైలం నీళ్లు ఎంత పెద్దవో మీకు నేను చెప్పాలా?

పుట్టిలో చోటు మార్చాలనుకుంటే ఫోనులో చెప్పమనండి. ఫోను అందకపోతే చెప్పిన చోటే వేట చేయమనండి.

కాగితాలు

పుట్టి సర్దడం కాగితాలతోనే పూర్తవుతుంది. మత్స్యకారుల సహకార సంఘంలో పేరు ఉందా? జలాశయంలో వేటకు లైసెన్సు ఉందా? అది ఈ ఏటిదేనా? తేదీ చదవండి. మహిళలకు కూడా మత్స్య సహకార సంఘాలు ఉన్నాయి. పుట్టిలో పోయే అక్కలు తమ పేర్లు కూడా రాయించుకోవాలి. భర్త పేరు ఉంటే చాలదు. మీరు పడే కష్టానికి మీ పేరు ఉండాలి.

ప్రమాద బీమా ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పెట్టిన బీమాలో మనిషి చనిపోతే, లేదా పూర్తిగా పనిచేయలేకుండా అయితే 5 లక్షల రూపాయలు. కొంత అంగవైకల్యం వస్తే 2 లక్షల 50 వేలు. ఆస్పత్రి ఖర్చుకు 25 వేల దాకా. ఈ ఏడు మీ పేరు అందులో చేరిందా, లేదా? మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. నోటిమాట చాలదు. పేరున్న కాగితం చూపించమనండి. పేరు తప్పు లేకుండా ఉందా, నామినీ దగ్గర ఎవరి పేరు ఉంది, మీరే చదవండి. ఆధార్ కార్డులో ఒక పేరు, ఇక్కడ ఒక పేరు ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఆపద వచ్చాక దిద్దించడం చాలా కష్టం.

కాగితాలు పుట్టిలో తీసుకుపోవద్దు. నకలు మాత్రమే ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. అసలు కాగితాలు ఇంట్లో పెట్టెలో ఉండాలి.

గోడ మీద రాసుకోండి

చెప్పినవన్నీ గుర్తుండవు. అందుకే ఈ వరుస రాసుకోండి. సాయంత్రం ఒక్కొక్కటి చదివి, చూసి, పక్కన గీత పెట్టండి.

1. పుట్టి. చిల్లి లేదు.
2. తెడ్లు రెండు.
3. వల. చిక్కు లేదు.
4. దీపాలు రెండు.
5. జాకెట్ లేదా డబ్బాలు. ఒంటికి కట్టారు.
6. చెంబు.
7. లంగరు, తాడు.
8. ఈల.
9. ఫోను.
10. పొడి బట్టలు, దుప్పటి.
11. మంచినీళ్లు, కూడు.
12. కత్తి.
13. మబ్బు లేదు. గాలి లేదు.
14. పలక మీద రాశాం.

పద్నాలుగు గీతలు పడితేనే పుట్టి దిగాలి. పదమూడు పడితే? దిగకూడదు. ఆ ఒక్కటీ తెచ్చి, గీత పెట్టి, అప్పుడు గంగమ్మకు దండం పెట్టండి. గంగమ్మ చల్లగా చూస్తుంది. కానీ పుట్టికి చిల్లి ఉందో లేదో చూడడం మన పని.

"మాకెందుకు?" అని అడిగిన అక్కకు ఇప్పుడు జవాబు తెలిసే ఉంటుంది. పుట్టిలో ఉన్న మనిషికి పని తొందర. పొద్దు గూకుతోంది, మంచి చోటు పోతుంది అని ఆత్రం. ఆత్రంలో ఏదో ఒకటి మరుస్తాడు. ఒడ్డున నిలబడి, కాగితం చేత పట్టుకుని, వరుసగా చదివే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మీరు. పుట్టిలో మీరే పోతుంటే మీ అత్త గానీ, కోడలు గానీ, పక్కింటి చెల్లెలు గానీ చదవాలి. అందుకే అందరూ చదువుకోవాలి.

ఈ సాయంత్రమే మొదలు పెట్టండి. మొదటి రోజు ఇంట్లో నవ్వుతారు. నాలుగు రోజులకు వాళ్లే అడుగుతారు, "గీతలన్నీ పెట్టినావా?" అని.

ఇక సెలవు. ఎవరి పలక మీద ఏం రాశారో రేపు చూద్దాం.